ఒక్క పాయింటు తక్కువైన వేసవి

2001 అనగానే మా వయసు వాళ్ళకి కోల్‌కతాలో లక్ష్మణ్ కొట్టిన 281 గుర్తొస్తుంది. రావాల్సిందే. ఆ మార్చిలో అనంతపురం సప్తగిరి సర్కిల్లో టీవీల షాపు ముందు జనం రోడ్డు మీదికి వచ్చేశారు. ఆ గుంపులో మేమూ ఉన్నాం. కానీ ఆ వెంటనే వచ్చిన ఏప్రిల్, మే నెలల్లో మన దేశం ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు ఆడిందనీ, గ్రూపులో ఒకే ఒక్క పాయింటు తక్కువై ఆగిపోయిందనీ చెబితే నన్ను అనుమానంగా చూసేవాళ్ళే ఎక్కువ. "ఇండియా ఫుట్‌బాలా? మనోళ్ళు ఆడతారా?" అంటారు. ఆడారు. పైగా మన దేశంలో జరిగిన మ్యాచ్‌లు ఎక్కడో కలకత్తాలోనో గోవాలోనో కాదు, మా ఊర్లో బస్సెక్కితే ఐదు గంటల్లో దిగే బెంగళూరులో జరిగాయి.

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. సాయంత్రమైతే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో మా బ్యాచ్ చేరేది. గ్రౌండ్‌లో ముప్పాతిక భాగం క్రికెట్ వాళ్ళది. ఒకేసారి నాలుగైదు మ్యాచ్‌లు నడిచేవి, ఎవరి బంతి ఎవరు పట్టుకున్నారో దేవుడికే తెలియాలి. మాకు మిగిలేది గోడ పక్కన ఒక మూల. గడ్డి అన్న మాటే లేదు, అంతా గరుసు నేల. పడితే మోకాలి చర్మం అక్కడే వదిలేసి లేవాలి. గోల్‌పోస్టులకి బదులు రాళ్ళు పెట్టుకునేవాళ్ళం. బంతి రాయికి పైనుంచి పోయిందా, పక్కనుంచి పోయిందా అన్న దాని మీద ఆట కంటే కొట్లాట ఎక్కువసేపు సాగేది.

ఆ కొట్లాటలు తీర్చడానికి మాకొక పెద్దమనిషి ఉండేవాడు. గుంతకల్లు రైల్వేలో గార్డుగా చేసి రిటైరై, రామనగర్ గేటు అవతల ఇల్లు కట్టుకున్నాడు. వయసులో ఉన్నప్పుడు రైల్వే గ్రౌండ్‌లో బ్యాక్ ఆడాడట. ఎవరికి మామో తెలీదు కానీ అందరికీ మామే. సైకిల్ స్టాండు వేసి, దాని మీదే ఒక కాలు మోపి నిలబడి మా ఆట చూసేవాడు. చూసి ఊరుకునేవాడు కాదు. "బంతి ఎనక పరిగెత్తేది కుక్కలప్పా. బంతి యాడికి వచ్చాదో ఆడ ఉండేవాడు ప్లేయరు" అని తిట్టేవాడు.

మామ దగ్గర కూర్చుంటే కథలకు కొదవ లేదు. హైదరాబాద్ రహీం సాబ్ శిక్షణలో మన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలవడం, 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తేవడం, ఆ జట్టులో మన సికింద్రాబాద్ బలరాం ఆట, ఆ మరుసటి ఏడాదే రహీం సాబ్ క్యాన్సర్‌తో పోవడం ఇవన్నీ నేను పుస్తకాల్లో చదవలేదు, మామ నోట విన్నాను. 1950లో బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ కప్పుకు మనకు చోటు దొరికినా పోకపోవడం మీద మాత్రం ఆయనకు విపరీతమైన కోపం. బూట్లు లేకుంటే ఆడనిచ్చేది లేదన్నారని మనవాళ్ళు పోలేదని ఒక కథ ఊరూరా తిరుగుతుంటుంది కదా, అది ఎత్తితే చాలు, మండిపడేవాడు. "బూట్లు కొనలేకనా? పెద్దలకు ఒలింపిక్స్ అంటేనే మోజు. ప్రపంచ కప్పంటే ఏందో తెలీలే" అనేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన చెప్పిందే నిజానికి దగ్గరగా ఉందనిపిస్తుంది.

బెంగళూరు మ్యాచ్‌ల సంగతి మాకు చెప్పింది కూడా మామే. పేపర్లో ఆటల పేజీ అడుగున అగ్గిపెట్టెంత వార్త వస్తే కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకొచ్చాడు. 2002 ప్రపంచ కప్పు జపాన్, కొరియాల్లో. వాళ్ళిద్దరూ ఆతిథ్య దేశాలు కాబట్టి నేరుగా ఆడతారు. మిగతా ఆసియాకు నేరుగా ఇంకో రెండు చోట్లు, పైన ప్లేఆఫ్ ఆడి గెలిస్తే మరొకటి. దానికోసం మొదటి రౌండ్‌లో పది గ్రూపులు. గ్రూపులో మొదట నిలిచిన జట్టు ఒక్కటే ముందుకు పోతుంది, రెండో స్థానానికి విలువ లేదు. మన గ్రూపులో యూఏఈ, యెమన్, బ్రూనై. ఒక్కో జట్టుతో ఒకసారి మన దగ్గర, ఒకసారి వాళ్ళ దగ్గర ఆడాలి.

"ఇది ప్రపంచ కప్పు కాదు కదా మామా, క్వాలిఫయింగే కదా" అన్నాడు మా గోల్‌కీపర్.

"మనకు ఇదే ప్రపంచ కప్పురా. ఐదు గంటల దూరంలో జరుగుతాంటే ఇంట్లో కూచ్చుంటావా?"

మొదటి మ్యాచ్ ఏప్రిల్ 8, ఆదివారం, యూఏఈతో. రెండ్రోజుల ముందే గోవాలో ఆస్ట్రేలియాతో చివరి వన్డే ఓడి, క్రికెట్ సిరీస్ కూడా పోయింది. ఊరంతా ఆ ఏడుపులో ఉంటే మేం తెల్లవారుజామున చిత్రాన్నం కట్టించుకుని బస్టాండుకు చేరాం. పెనుకొండ కొండ దాటేదాకా మామ మాకు యూఏఈ గురించి పాఠం చెబుతూనే ఉన్నాడు. వాళ్ళు 1990లో ఇటలీ ప్రపంచ కప్పు ఆడిన జట్టు. పశ్చిమ జర్మనీతో, యుగోస్లావియాతో, కొలంబియాతో ఆడొచ్చారు. మూడూ ఓడిపోయారనుకోండి, అయినా ఆడొచ్చారు. మన జట్టులో మాకు తెలిసిన పేర్లు రెండే. ఇంగ్లండ్‌లో బరీ క్లబ్బుకు ఆడుతున్న భూటియా, చిన్నప్పుడు త్రిస్సూరు స్టేడియంలో సోడాలమ్మిన విజయన్. కొడికొండ చెక్‌పోస్టు దాటి బాగేపల్లి వచ్చేసరికి మామ నిద్రపోయాడు. మేం మాత్రం చిత్రాన్నం అప్పుడే ఖాళీ చేసేశాం.

మెజెస్టిక్‌లో దిగి కంఠీరవ స్టేడియం దాకా నడిచే పోయాం. పక్కనే కబ్బన్ పార్క్, ఇంకాస్త పోతే చిన్నస్వామి స్టేడియం. కంఠీరవలో గ్రౌండ్ చుట్టూ పరుగుపందేల ట్రాక్ ఉంటుంది కాబట్టి గ్యాలరీ నుంచి ఆటగాళ్ళు దూరంగా కనిపిస్తారు. మొహాలు పోల్చుకోలేం, చొక్కా మీది నంబరే దిక్కు. కానీ ఆ గడ్డి! అంత పచ్చటి గ్రౌండ్‌ని కళ్ళారా చూడటం మాలో చాలామందికి అదే మొదలు. మా లెఫ్ట్ వింగ్ కుర్రాడు దాన్ని చూస్తూ "ఈడ పడితే దెబ్బే తగలదు కదప్పా" అన్నాడు. ఆట మొదలైన తర్వాత కూడా వాడు ఆటగాళ్ళు పడిన ప్రతిసారీ లేచి చూసేవాడు.

గ్యాలరీలో మా పక్కన హలసూరు దగ్గర గౌతమ్‌పుర నుంచి వచ్చిన తమిళ కుర్రాళ్ళ గుంపు కూర్చుంది. ఆ పేటలో, ఆస్టిన్ టౌన్‌లో ఫుట్‌బాల్ అంటే పిచ్చి అని వాళ్ళు చెబితేనే మాకు తెలిసింది. వెనక వరసలో మలయాళీలు, పక్కన ఎక్కడినుంచో తెచ్చిన డోలు. మేమెక్కడివాళ్ళమో అడిగితే అనంతపురం అన్నాం. "అక్కడ ఫుట్‌బాల్ ఆడతారా?" అని వాళ్ళకి ఆశ్చర్యం. మామ రహీం సాబ్ పేరు ఎత్తాడు. అంతే, ఆ గుంపులో ఒక పెద్దాయన లేచి వచ్చి మామ చేయి పట్టుకున్నాడు. ఆయనా రైల్వేనే. ఇక ఆట మొదలయ్యేదాకా వాళ్ళిద్దరూ మమ్మల్ని పట్టించుకుంటే ఒట్టు.

ఆట గురించి గొప్పలు చెప్పను. యూఏఈ వాళ్ళు మనకంటే బాగానే బంతిని తిప్పారని నాకనిపించింది. మనవాళ్ళు పరుగు మీద, పట్టుదల మీద నెట్టుకొచ్చారు. గోల్ పడింది. కొట్టింది మాకు పెద్దగా తెలిసిన భూటియా కాదు, విజయన్ కాదు, గోవా కుర్రాడు జూల్స్ అల్బెర్టో. ఎలా కొట్టాడో అడిగితే నేను చెప్పలేను. సరిగ్గా ఆ సమయానికి ముందు వరసంతా లేచి నిలబడింది. నాకు కనిపించింది వీపులు. తర్వాత మామ నా భుజాన్ని పట్టుకుని పైకి లేచాడు, ఆ పట్టుకు నా చొక్కా భుజం దగ్గర కుట్టు పర్రున చిరిగింది. ఆ చప్పుడు డోలు మోతలో కూడా నాకు వినిపించింది. మామ కిందికి చూడలేదు, "పడింది, పడింది" అంటూనే ఉన్నాడు.

అక్కడినుంచి చివరిదాకా టెన్షన్. మామ చేతికి పాత హెచ్‌ఎంటీ వాచీ ఉండేది. ఆయన దాని మీద అరచేయి పెట్టి మూసేశాడు. ఎంత టైముందని ఎవరు అడిగినా చెప్పడు. మా గోల్‌కీపర్ బలవంతంగా చేయి లాగి చూడబోతే, "చూస్తే ముల్లు కదలదురా" అని కసిరాడు. రెఫరీ ఆఖరి విజిల్ ఊదాక ఆ గౌతమ్‌పుర కుర్రాళ్ళు మమ్మల్ని కావలించుకుని గంతులేశారు. 1-0. ప్రపంచ కప్పు ఆడొచ్చిన జట్టును మన కళ్ళ ముందు మనవాళ్ళు ఓడించారు.

బయటికొచ్చి మెజెస్టిక్‌లో టిఫిన్‌కి కూర్చుంటే సప్లయర్ కుర్రాడు, "ఏం మ్యాచ్ సార్, మొన్ననే కదా క్రికెట్ అయిపోయింది?" అన్నాడు. చిరిగిన చొక్కాతో నేను, గొంతు పోయిన మామ, ఏం చెబుతాం!

మరుసటి ఆదివారం యెమన్‌తో మ్యాచ్. సోమవారం నాకు పరీక్ష ఉండటంతో ఇంట్లో వాళ్ళు గడప దాటనివ్వలేదు. రాత్రి పుస్తకం మూసేసి ఆర్టీసీ బస్టాండుకు పోయి కూర్చున్నాను. బెంగళూరు బస్సు ఆగింది. ముందు దిగిన మామ నన్ను చూసి కూడా పలకరించకుండా సైకిల్ స్టాండు వైపు నడిచాడు. వెనక మా గోల్‌కీపర్ దిగి, ఒకటొకటి అని వేళ్ళు చూపించాడు.

"పోన్లే మామా, ఓడిపోలేదు కదా" అన్నాను.

"గెల్చలే కదరా" అన్నాడు.

దానికి ముందురోజే యూఏఈ వాళ్ళు బ్రూనైని 12-0తో చితక్కొట్టారు. ఇక హాస్టల్లో మా బీఎస్సీ మ్యాథ్స్ మిత్రుడికి పని పడింది. రూమ్ తలుపు వెనక సుద్దముక్కతో నాలుగు జట్ల పేర్లు రాసి, గెలుపులు, డ్రాలు, కొట్టినవి, తిన్నవి, పాయింట్లు అని గళ్ళు గీశాడు. ఏప్రిల్ 26న వాళ్ళ గడ్డ మీద యూఏఈ మన మీద 1-0తో బదులు తీర్చుకుంది. వాడు గళ్ళు తుడిచి మళ్ళీ రాశాడు. లెక్క ప్రకారం ఇంకా దారి మూసుకుపోలేదు. కాకపోతే మే 4న యెమన్ రాజధాని సనాలో గెలిచి తీరాలి. సనా అంటే సముద్రమట్టానికి 2,200 మీటర్ల పైన ఉన్న ఊరు. మైదానాల్లో ఆడేవాళ్ళకు అక్కడ పరిగెత్తితే ఊపిరాడదు. మామకు ఈ సంగతి చెప్పిందెవరో కానీ, ఆ వారమంతా దాని గురించే బెంగపెట్టుకున్నాడు.

ఆ శుక్రవారం రాత్రి టవర్ క్లాక్ దగ్గరి నెట్ సెంటర్లో మేం నలుగురం ఒకే కంప్యూటర్ ముందు ఇరుక్కుని కూర్చున్నాం. ఫోన్ లైను మీద నడిచే ఇంటర్నెట్ రోజులు. కనెక్షన్ కలిసేటప్పుడు కీచుకీచుమనే ఆ మోత అయిపోయాక, పేజీ పైనుంచి కిందికి మెల్లగా దిగుతుంది. ముందు పైన రంగు పట్టీ వచ్చింది. తర్వాత ఒక ప్రకటన. ఆ తర్వాత యెమన్ అన్న పేరు, దాని పక్కన 3. మాలో ఒకడు "అయిపోయింది" అని లేచాడు. మిగతా గీత దిగడానికి ఎంతసేపు పట్టిందో నాకిప్పటికీ తెలీదు కానీ, ఇండియా పక్కన కూడా 3 కనిపించేసరికి లేచినవాడు మళ్ళీ కూర్చున్నాడు. 3-3. అంత ఎత్తులో, పరాయి గడ్డ మీద మూడు గోల్స్ కొట్టారు! నాకు కోపం రాలేదు, నిజం చెప్పాలంటే గర్వంగానే అనిపించింది. మా మ్యాథ్స్ మిత్రుడు మాత్రం నెట్ సెంటర్ వాడి బిల్లు కాగితం వెనకే లెక్క మొదలుపెట్టాడు.

ఆ లెక్కే ఇన్నేళ్ళుగా నన్ను వదల్లేదు. చివరికి యూఏఈ 12 పాయింట్లు, యెమన్ 11, మనం 11. ఆరు మ్యాచ్‌ల్లో మూడు గెలిచాం, రెండు డ్రా, ఒకటే ఓటమి. యూఏఈ రెండు ఓడింది, ఒకసారి మన చేతిలో, ఒకసారి యెమన్ చేతిలో. మనకంటే ఎక్కువసార్లు ఓడిన జట్టు ముందుకు పోయింది, ఎందుకంటే గెలుపుకు మూడు, డ్రాకి ఒకటే. యెమన్‌తో ఆడిన రెండిట్లో ఏ ఒక్కటి గెలిచినా మనకు 13 వచ్చేవి, యూఏఈ 12 దగ్గర ఉండిపోయేది. బెంగళూరులో ఇంకొక్క గోల్, లేదా సనాలో ఇంకొక్క గోల్. ఇంతా చేసి మన స్థానం మూడు. యెమన్‌కీ మనకీ పాయింట్లూ సమానమే, కొట్టిన గోల్స్‌కీ తిన్న గోల్స్‌కీ తేడా కూడా సమానమే, ఆరు. వాళ్ళు 14 కొట్టారు, మనం 11. కాగితం మీద చూస్తే మూడో స్థానం చాలా మామూలుగా కనిపిస్తుంది. అందుకే ఎవరికీ గుర్తులేదు.

ఆ యూఏఈ తర్వాతి రౌండ్ దాటి ప్లేఆఫ్‌లో ఇరాన్ చేతిలో ఓడింది. ఇరాన్ ఐర్లండ్ చేతిలో ఓడింది. సౌదీతో పాటు చైనా ప్రపంచ కప్పుకు మొదటిసారి వెళ్ళింది. మనవాళ్ళు యూఏఈని దాటితే అక్కడ ఏం పొడిచేవారంటే, బహుశా ఏమీ లేదు. ఆ మాట ఒప్పుకోడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ రౌండ్ ఆడటమే ఒక మెట్టు. ఆ మెట్టు ఇప్పటికీ ఎక్కలేదు. 2026 కప్పులో జట్లు 48కి పెరిగి, ఆసియాకు నేరుగా ఎనిమిది చోట్లు ఇచ్చినా, 2024 జూన్‌లో కోల్‌కతాలో కువైట్‌తో 0-0, కెప్టెన్ ఛేత్రీ అప్పట్లో ఇదే ఆఖరిదని ప్రకటించి ఆడిన మ్యాచ్ అది, తర్వాత దోహాలో ఖతార్ చేతిలో 2-1. ఆ దోహా మ్యాచ్‌లో మనం ఒక గోల్ ముందున్నప్పుడు బంతి గీత దాటి బయటికి పోయినా గోల్ ఇచ్చేశారు. ఆ రాత్రి నేను టీవీ ముందు చేసిన గొడవకి మా ఆవిడ లేచొచ్చింది. "ఇరవై మూడేళ్ళ కిందటి యెమన్ మ్యాచ్ సంగతి మళ్ళీ మొదలుపెట్టకండి" అంది. మొదలుపెట్టాననుకోండి.

ఇప్పుడు మా ఊరి శివార్లలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్‌లో పల్లెల నుంచి వచ్చిన పిల్లలు, ఆడపిల్లలు కూడా, పచ్చగడ్డి మీద బూట్లు వేసుకుని ఆడుతుంటారు. ఆ సంస్థ పెట్టిన ఫాదర్ ఫెర్రర్ పుణ్యం. మా లెఫ్ట్ వింగ్ గాడు ఈమధ్య సౌదీ నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్ళి చూపించాను. వాడు చెప్పులు విడిచి గడ్డి మీద కాసేపు నడిచి, "మోకాళ్ళ మీద మచ్చలు లేని ఫుట్‌బాల్ ప్లేయర్లప్పా" అని నవ్వాడు.

మే 20 సంగతి చెప్పడం మర్చిపోతున్నా. బ్రూనైతో మన చివరి మ్యాచ్, మళ్ళీ కంఠీరవలోనే. అప్పటికే అంతా అయిపోయింది. మే 11న మనం బ్రూనైలో 1-0తో గెలిచిన రోజునే యెమన్ యూఏఈని ఓడించింది. దాంతో ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య మ్యాచ్‌లో ఎవరు గెలిచినా, డ్రా అయినా, మనకు మొదటి స్థానం రాదని తలుపు వెనక సుద్దగీతలు తేల్చేశాయి. అయినా మామ పోదామన్నాడు. "పెళ్ళి ఆగిపోయిందని వంట పారబోస్తారా?" అన్నది ఆయన వాదన. పోయాం. ఈసారి తక్కువమందిమి, చిత్రాన్నం మిగిలింది. మనవాళ్ళు 5-0తో గెలిచారు. ఐదు గోల్సూ నేను చూశాను, ఎవరూ అడ్డం నిలబడలేదు.

తిరుగు బస్సులో కండక్టర్ మా అరుపులు విని, టికెట్లు కొట్టడం అయ్యాక వచ్చి మామ పక్కన కూర్చున్నాడు.

"యా మ్యాచ్ సామీ?"

"ఫుట్‌బాలప్పా. ప్రపంచ కప్పుది."

"ఎవురు గెల్సినారు?"

"మనమే. అయిదు సున్నా."

"అబ్బా! అయితే ప్రపంచ కప్పుకు పోతాండామా?"

మామ జేబులోంచి పెన్ను తీసి, టికెట్ వెనక గళ్ళు గీసి, యూఏఈ, యెమన్, బ్రూనై, మనం, పన్నెండు, పదకొండు, పదకొండు అంటూ మొదటి మ్యాచ్ నుంచి చెప్పుకొచ్చాడు. దేవనహళ్ళి నుంచి చిక్కబళ్ళాపురం దాకా పట్టింది. కండక్టర్ మధ్యలో ఒక్క మాట మాట్లాడకుండా విన్నాడు. బస్సు ఆగుతుంటే లేచి, సంచి భుజానికి సర్దుకుంటూ అడిగాడు.

"ఆ యెమన్ వాళ్ళతో ఇంగొక్కసారి ఆడిస్తే?"

"నేనూ అదే అంటాండా" అన్నాడు మామ.